కారు పెయింట్ మీద సాలెగూడు గీతలు: మెషిన్ పాలిష్ ఏం తీస్తుంది, ఎంత తీస్తుంది?

క్లుప్తంగా

వెలుగు పడితే గుండ్రంగా కనిపించే సన్న గీతలు కారు రంగులో ఉండవు. రంగును కప్పి ఉండే క్లియర్ కోట్‌లో ఉంటాయి. మెషిన్ పాలిష్ ఆ గీతలను పూడ్చదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. ఆ పొర మందం మహా అయితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అరిగిందంటే మళ్లీ పెరగదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపే అలవాటు మారకుండా ఏటా పాలిష్ చేయిస్తే కారు నాలుగైదేళ్లు మెరుస్తుంది, ఆ తర్వాత రూఫ్ మీద పొర లేవొచ్చు. రాయలసీమ దుమ్ములో, ఎండలో ఈ లెక్క ఇంకా త్వరగా తేలిపోతుంది.

బంకు లైట్ల కింద బయటపడేవి

కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏదో ఒక పెట్రోల్ బంకులో రాత్రిపూట నల్ల కారును గమనిస్తే విషయం సగం అర్థమవుతుంది. పగలు చెట్టు నీడలో అద్దంలా ఉన్న బానెట్ మీద, ఎల్‌ఈడీ లైటు పడిన చోటల్లా సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు తేలతాయి. చూసేవాళ్లు తల కొంచెం పక్కకు జరిపితే సాలెగూడు కూడా వాళ్లతో పాటే జరుగుతుంది. పక్కనే ఆగిన తెల్ల కారు మీద కూడా అవే గీతలుంటాయి, కాకపోతే కంటికి ఆనవు.

గుడ్డను గుండ్రంగా తిప్పి తుడవడం వల్లే గీతలు గుండ్రంగా పడ్డాయని చాలామంది అనుకుంటారు. ఇంట్లో రోజూ పీచుతో తోమే స్టీలు పళ్లేన్ని బల్బు కింద పట్టుకుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పళ్లెం మీద గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. అయితే బల్బు ప్రతిబింబం పడిన చోటికి అడ్డంగా ఉన్న గీతలే వెలుగును కంటివైపు తిప్పుతాయి, నిలువుగా ఉన్నవి తిప్పవు. అడ్డంగా ఉన్నవన్నీ కలిసి బల్బు చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. పళ్లెం కదిపితే వలయమూ కదులుతుంది. కారు మీద జరిగేదీ ఇదే. అందుకని 'నిలువుగా తుడిస్తే గీతలు పడవు' అనే సలహా పెద్దగా పనికిరాదు. గీత పడుతూనే ఉంటుంది, కనిపించే తీరు మారుతుందంతే.

పొరల మందం ఎంత?

కంపెనీలో కారు రేకు మీద ముందుగా తుప్పు పట్టకుండా ఒక పూత వేస్తారు, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. నాలుగూ కలిపి సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. రంగు, ప్రైమర్లను పక్కన పెడితే క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన.

మెరుపు, ఎండను తట్టుకునే శక్తి రెండూ ఈ పల్చటి పొరవే. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఇందులోనే కలుపుతారు. పొర పల్చబడితే రంగుకు గొడుగు చిన్నదైనట్టే. మొదట మసకబారుతుంది, తర్వాత రూఫ్ మీద, బానెట్ మీద తెల్లటి మచ్చలు లేచి పొలుసుల్లా ఊడతాయి. ఆ దశకు వచ్చాక ఏ పాలిషూ పనిచేయదు, పెయింట్ వేయించాల్సిందే.

పాత అంబాసిడర్ల కాలంలో ఈ లెక్క వేరు. అప్పటి పెయింటుకు క్లియర్ కోట్ లేదు, రంగే పైపొర. రుద్దితే గుడ్డకు రంగు అంటేది. ఇప్పటికీ కొన్ని సాదా రంగుల కార్లలో అలాంటి పెయింట్ ఉండొచ్చు. పాలిష్ ప్యాడ్‌కు కారు రంగు అంటుతుంటే, ఆ కారుకు క్లియర్ కోట్ లేకపోవడమో, ఉన్నది అరిగిపోవడమో జరిగిందని గుర్తు. రెండో కారణమైతే మెషిన్ అక్కడే ఆపేయాలి.

ఇక్కడి దుమ్ము ఎందుకు మొండిది

అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేలలు ఎక్కువ. గ్రానైటు జాతి రాళ్లు చితికి ఏర్పడిన నేలలవి. ఆ రాళ్లలో అన్నిటికంటే మొండిగా మిగిలేది క్వార్ట్జ్, అంటే ఇసుక రేణువు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దానిది 7. గాజును సైతం గీకుతుంది. ప్లాస్టిక్ జాతికి చెందిన క్లియర్ కోట్ దాని ముందు ఏ మూలకు? దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. కడిగిపోయే వాన తక్కువ, లేపే గాలి ఎక్కువ. ఆషాఢం గాలి మొదలైతే పొద్దున కడిగిన కారు సాయంత్రానికి ఎర్రగా ఉంటుంది.

కర్నూలు వైపు నల్లరేగడిది ఇంకో తంతు. బంకమట్టి మెత్తగానే ఉంటుంది గానీ తడిస్తే పట్టుకుని వదలదు, ఆ పట్టులో ఇసుక రేణువులనూ ఇముడ్చుకుంటుంది. డోర్ల కింది భాగంలో ఆరిపోయిన రేగడిని గుడ్డతో ఊడదీయడమంటే ఉప్పుకాగితం పెట్టి గీకడమే. కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు దుమ్ముకు మంచు తగిలితే పెయింటు మీదే గట్టిపడే గుణం ఉంది. అది గీత కంటే మచ్చగానే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బోరు నీళ్లు ఆరిపోతే మిగిలే తెల్లచుక్కలూ అంతే. గీతలకూ వీటికీ సంబంధం లేదు. అయితే ఆ చుక్కలు పోవాలని గట్టిగా రుద్దినప్పుడు గీతలు పడతాయి.

దుమ్ము తనంతట తాను గీకదు. దానిమీద చెయ్యి పడాలి. పొద్దున్నే పొడిగుడ్డతో దులిపే డ్రైవరు, అపార్టుమెంటులో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే కుర్రాడు, రెండో కారు తర్వాత బురదగా మారిన ఆ బకెట్టు నీళ్లు, వాటర్ సర్వీసింగులో కింద పడినా దులిపి మళ్లీ వాడే స్పాంజి. గీతల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఆయుధ పూజ నాడు బానెట్ మీద పెట్టిన గంధం, కుంకుమ ఎండిపోయాక మర్నాడు గోటితో గీకడం కూడా ఈ జాబితాలోదే.

తాడిపత్రి బండ పాలిష్, బానెట్ పాలిష్

ఈ ప్రాంతంలో పాలిష్ అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. తాడిపత్రిలో, బేతంచెర్లలో బండల పాలిష్ చూసినవాళ్లకు సూత్రం తెలిసిందే. ముందు గరుకు రాయితో అరగదీస్తారు, ఆ గరుకు వేసిన గీతలను అంతకంటే నున్నటి రాయి తీస్తుంది, దాని గీతలను ఇంకా నున్నటిది. చివరికి మిగిలిన గీతలు కంటికి ఆననంత సన్నవైతే దాన్నే మెరుపు అంటారు. కారు మీద చేసేదీ అచ్చం అదే పని. రాళ్ల బదులు అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలిపిన క్రీమ్, దాన్ని రుద్దడానికి ఉన్ని ప్యాడ్, మైక్రోఫైబర్ ప్యాడ్ లేదా ఫోమ్ ప్యాడ్.

తేడా అంతా మందంలో ఉంది. బండను పాలిష్ చేసేవాడికి అంగుళానికి దగ్గరగా రాయి ఉంటుంది. మిల్లీమీటరు పోయినా అడిగేవాళ్లు లేరు. కారు మీద అదే మిల్లీమీటరులో ఇరవై క్లియర్ కోట్లు పడతాయి.

మామూలు సాలెగూడు గీతలు ఒకటి రెండు మైక్రాన్ల లోతుకు మించవు. నున్నటి క్రీముతో, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో ఒక చుట్టు పాలిష్ చేస్తే పోయేది దాదాపు ఒక మైక్రాను. గరుకు క్రీము (కాంపౌండు), ఉన్ని ప్యాడ్‌తో గట్టిగా కోస్తే రెండు నుంచి నాలుగు పోవచ్చు. వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే ఉప్పుకాగితం, పడితే అంతకంటే ఎక్కువ. కారు జీవితకాలం మొత్తంలో క్లియర్ కోట్ నుంచి ఏడెనిమిది మైక్రాన్లకు మించి తీయకూడదన్నది ఈ రంగంలో చాలామంది పాటించే హద్దు. ఎండను అడ్డుకునే శక్తి పైభాగం అరిగేకొద్దీ తగ్గుతుందన్నది దాని వెనకున్న కారణం. ఈ హద్దులో గట్టి కోత మహా అయితే రెండు మూడు సార్లు కుదురుతుంది. మెత్తటి పాలిష్ అయితే ఇంకొన్ని సార్లు.

గీత మీద గోరు అడ్డంగా పోనిస్తే తట్టుకుంటోందా? తట్టుకుంటే దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టకపోవడమే మంచిది. గీత అంచులను గుండ్రం చేసి వెలుగుకు అంతగా మెరవకుండా చేస్తే చాలు. లోతులో తెల్లగానో, రేకు రంగో కనిపించే గీత పాలిష్ పరిధిలోదే కాదు. దానికి టచప్ పెయింటే మందు. స్కూటర్ హ్యాండిల్ గీసుకుపోయిన గీతకు 'రబ్బింగ్ కొట్టిస్తే పోతుంది' అని చెప్పే సలహా ఖరీదైన సలహా.

తిరిగే మెషిన్, ఊగుతూ తిరిగే మెషిన్

పాలిషింగ్ మెషిన్లు ముఖ్యంగా రెండు రకాలు. రోటరీలో ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ బలవంతంగా తిరుగుతుంది. నిమిషానికి సుమారు 600 నుంచి 3,000 చుట్లు. కోత వేగంగా ఉంటుంది, వేడీ అలాగే పుడుతుంది. ఒకేచోట కొద్ది సెకన్లు ఎక్కువ నిలిపితే పొర కాలిపోతుంది. చెయ్యి తిరిగినవాడి చేతిలో అది అద్భుతమైన పనిముట్టు. చెయ్యి తిరగనివాడు దానితో సాలెగూడు తీసి, ఎండలో మాత్రమే కనిపించే పొడవాటి నీడల్లాంటి చారలు వేస్తాడు. వాటిని హోలోగ్రామ్‌లు అంటారు. షెడ్డులో తళతళలాడిన కారు ఇంటికొచ్చాక ఎండలో జీరలు జీరలుగా కనిపించిందంటే కారణం ఇదే.

రెండోది డ్యూయల్ యాక్షన్, పనివాళ్ల మాటల్లో డీఏ. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న కక్ష్యలో ఊగుతుంది కూడా. ఆ ఊగు 8, 15, 21 మిల్లీమీటర్లు ఇలా మోడల్‌ని బట్టి ఉంటుంది. ఒకే దారిలో పదే పదే పోదు గనుక చారలు పడే అవకాశం బాగా తక్కువ. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. అది కోత ఆగిపోయిందనే సంకేతమే తప్ప ప్రమాదం కాదు. ప్యాడ్ వెనకున్న ప్లేటు మీద మార్కరుతో ఒక గీత గీసుకుని పనిచేసేవాళ్లుంటారు. ఆ గీత తిరుగుతూ కనిపిస్తే కోత నడుస్తున్నట్టు, ఒకచోట నిలిచి వణుకుతుంటే చేతి బరువు తగ్గించాలి. పది రూపాయల మార్కరు చేసే ఈ పని ఖరీదైన క్రీములు కూడా చేయలేవు.

మూడోది మెషిన్ల జాబితాలో ఉండకూడనిది. కొన్ని టింకరింగ్ షెడ్లలో ఇనుము కోసే యాంగిల్ గ్రైండరుకే ఉన్ని ప్యాడ్ తగిలించి పాలిష్ చేస్తారు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. పాలిషింగ్ రోటరీ గరిష్ఠ వేగానికి మూడు నాలుగు రెట్లు. రేకు కొంత వేడిని లాగేసుకుంటుంది, ప్లాస్టిక్ బంపర్ లాక్కోలేదు. అందుకే ముందు కాలేది బంపరే. ఆ తర్వాత బానెట్ అంచులు, డోర్ మీద పొడుచుకొచ్చిన మడతలు. ఆ చోట్ల పెయింట్ సహజంగానే పల్చగా కూర్చుంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నటి గట్టు మీదే పడుతుంది. జాగ్రత్తపరులు అంచులకు మాస్కింగ్ టేపు అంటించి మొదలుపెట్టేది ఇందుకే.

పని ఎలా జరగాలి

మెషిన్ ఆన్ చేసేది చివర్లో. ముందు కడగడం, ఇనుప రజను కరిగించే ద్రవం కొట్టడం, క్లే బార్ అనే మెత్తటి ముద్దతో అతుక్కున్న మురికి తీయడం. ఇవి ఎగ్గొడితే ఆ మురికే ప్యాడ్ కింద ఇసుకై కొత్త గీతలు వేస్తుంది. తర్వాత పెయింట్ మందాన్ని మైక్రాన్లలో చూపించే గేజితో కొలుస్తారు. కంపెనీ పెయింట్ ఉన్న బానెట్ మీద 110, 115 అని చూపిస్తున్న గేజి ఎడమ డోర్ మీద 260 చూపిస్తే, ఆ డోర్‌కు ఎప్పుడో రీపెయింట్ అయిందని అర్థం. అంకె ఇంకా ఎగబాకితే కింద లప్పం ఉన్నట్టు. అంకె ఎక్కువుంది కదా అని అక్కడ ధైర్యంగా కోయకూడదు. గేజి చెప్పేది మొత్తం మందం, క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. పైగా కంపెనీలో క్లియర్ కోట్‌ను సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బయటి బూత్‌లో 60 డిగ్రీలే. రీపెయింట్ పొర సాధారణంగా మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది. మామూలు గేజి ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదని కూడా గుర్తుంచుకోవాలి.

ఆపైన అడుగు వెడల్పున ఒక చిన్న చోట పరీక్ష. అన్నిటికంటే మెత్తటి ప్యాడ్, నున్నటి క్రీముతో మొదలుపెట్టి చూస్తారు. గీతలు పోకపోతేనే ఒక మెట్టు గరుకుకు వెళ్తారు. ఒకే ప్యాడ్, ఒకే క్రీమ్ రెండు కంపెనీల కార్ల మీద వేరువేరుగా పనిచేస్తాయి గనుక అందరికీ ఒకే ప్యాకేజీ అనే బోర్డు దగ్గర ఒక ప్రశ్న ఎక్కువ అడగడం తప్పు కాదు.

ఎండలో చేసే పాలిష్ గురించి ఒక్క మాట చాలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండలో నిలిపిన రేకు చెయ్యి పెట్టనివ్వదు. క్రీమ్ పడీ పడగానే ఎండి పొడి అవుతుంది, పొడి ప్యాడ్ గీకుతుంది. షెడ్డు నీడ, చల్లబడిన రేకు తప్పనిసరి.

ఆ మెరుపు నిజమైనదేనా?

పాలిష్ అని పిలిచే సీసాలన్నీ పాలిష్ చేయవు. కొన్నింట్లో నూనెలు, పూడ్చే పదార్థాలు ఎక్కువ. అవి గీతల్లో కూర్చుని వెలుగు చెదరకుండా చేస్తాయి. కారు పెళ్లికొడుకులా తయారవుతుంది, నాలుగు కడుగుళ్లకు పాత ముఖం బయటపడుతుంది. ఇందులో మోసం ఉండి తీరాలని లేదు. పొర పల్చబడిన పాత కారుకు ఈ పూత పాలిషే క్షేమం. పూత వేసి, గీతలు తీశామని బిల్లు వేసినప్పుడే పేచీ. తెలుసుకోవడం తేలిక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో కలిపి పాలిష్ చేసిన చోట మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే నూనెలు పోతాయి. అప్పుడు మొబైల్ టార్చి వేసి చూసినా గీతలు లేకపోతే నిజంగా పోయినట్టు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఈ పరీక్ష ఇంకా అవసరం.

9హెచ్ అంటే ఎంత గట్టి?

పాలిష్ అయ్యాక సిరామిక్ కోటింగ్, అంటే క్లియర్ కోట్ మీద వేసే పల్చటి రక్షణ పూత, వేయించమని అడగని షాపు ఇప్పుడు లేదు. దానిమీద రాసే '9హెచ్' చుట్టూ గందరగోళం చాలా ఉంది. వజ్రం 10 కదా, ఇది 9 అట, ఇక గీత పడదు అని కొనేవాళ్లు అనుకుంటారు. వజ్రానికి 10 ఇచ్చేది మోస్ స్కేలు. ఈ 9హెచ్ పెన్సిల్ కాఠిన్యపు కొలత. 9హెచ్ పెన్సిల్ ములికితో నెట్టినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. ఇసుక రేణువు పెన్సిల్ కంటే చాలా గట్టిది. కోటింగ్ మీద నీళ్లు నిలవవు, మురికి సులువుగా జారుతుంది, దాంతో రుద్దే అవసరం తగ్గుతుంది. ఆ మేరకు గీతలూ తగ్గుతాయి. అంతేగానీ పొడిగుడ్డకు అది కవచం కాదు. పైగా గీతలు తీయకుండా కోటింగ్ వేస్తే ఆ గీతలన్నీ దాని కింద భద్రంగా ఉంటాయి.

గీతకు నిజంగా అడ్డం నిలిచేది పీపీఎఫ్ అనే పాలీయురేథేన్ ఫిల్మ్. దాని మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే మొత్తం పెయింట్ కంటే ఎక్కువ. దానిమీద పడ్డ సన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే కలిసిపోతాయి. ఎండకు కొరత లేని ఊళ్లలో అదొక లాభం. ఖర్చు మాత్రం కోటింగ్‌కు అనేక రెట్లు.

నీళ్లు తక్కువున్న చోట తుడవడం

పాలిష్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మర్నాటి పొద్దున తేలుతుంది. గుడ్డ తగలకముందే దుమ్ము కదలాలి అన్నదే సూత్రం. పైపు నీళ్లు ధారాళంగా ఉంటే ముందు నీళ్లు కొట్టి, తర్వాత షాంపూ నురగతో, రెండు బకెట్లతో కడగడం పద్ధతి. ఒక బకెట్టు షాంపూకి, ఇంకోటి మురికి గ్లవ్ జాడించడానికి. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే వీధుల్లో అది కుదరదు. అలాంటి చోట రిన్స్‌లెస్ వాష్ అనే ద్రవాలు పనికొస్తాయి. పది లీటర్ల నీళ్లలో కొద్దిగా కలిపి, ముందు స్ప్రేయరుతో కారంతా తడిపి, అదే నీళ్లలో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డలతో పైనుంచి కిందికి తుడుస్తారు. గుడ్డ మడత మారుస్తూ పోవాలి, తుడిచిన ముఖంతో మళ్లీ తుడవకూడదు. చెనిక్కాయ చేనికి మందు కొట్టే స్ప్రేయరు ఇంట్లో ఉంది కదా అని దాన్నే వాడేస్తే అడుగున మిగిలిన పురుగుమందు పెయింటుకూ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. చిన్నది విడిగా కొనుక్కోవాలి.

నీళ్లే లేని రోజు దుమ్ముతో వదిలేయడం నష్టమేమీ కాదు. దుమ్ము పట్టిన కారు అసహ్యంగా కనిపిస్తుందేమో గానీ గీత పడదు. పక్షి రెట్ట మాత్రం ఆగదు, ఎండలో గంటల్లోనే పొరను తింటుంది. దాన్ని తడిగుడ్డ కప్పి నానబెట్టి అప్పటికప్పుడే తీయాలి.

పాలిష్ చేయించేటప్పుడు షాపువాళ్లను అడగాల్సిన కాగితం ఒకటుంది. బానెట్, రూఫ్, నాలుగు డోర్లు, డిక్కీ, ఒక్కోదాని మీద రెండు మూడు చోట్ల పనికి ముందు గేజి చూపించిన అంకె, పని అయ్యాక చూపించిన అంకె, తేదీ, వాడిన ప్యాడ్, క్రీమ్. మామూలు గేజికి ఒకటి రెండు మైక్రాన్ల తేడా పట్టుకోవడం కష్టమే, అదే చోట నాలుగైదు సార్లు కొలిచి సగటు రాస్తే నయం. ఆ కాగితాన్ని డ్యాష్‌బోర్డులో ఆర్సీ జిరాక్సు పక్కన పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత ఇంకో షాపువాడు మెషిన్ పట్టుకునే ముందు ఇంకా ఎంత తీయవచ్చో దాన్ని చూసి చెప్పగలడు.